గ్యాలనుకు ఎనిమిదిన్నర మైళ్ళు

వెస్నా, సస్కాచెవాన్
24 నవంబరు 1981

తమ్ముడు ఒరెస్ట్‌కు,

నీ ఫోటో అందింది. నవంబరు నెలలో చొక్కా చేతులు మడిచి, గులాబీ చెట్టు పక్కన నిలబడి ఫోటో దిగడమే కాకుండా దాన్ని మాకు పంపడానికి నీకు మనసెలా ఒప్పిందిరా? ఇక్కడ పొద్దున్న మైనస్ ఇరవై ఆరు. వాకిట్లో మంచు రెండుసార్లు ఎత్తి పోశాం. మా ఆయన జెనోన్‌కు చూపిస్తే, "మీ తమ్ముడికి బొత్తిగా సిగ్గు లేకుండా పోయింది" అన్నాడు. అని నవ్వాడులే.

ఫోను చెయ్యొచ్చుగా అంటావు. ఇక్కడ ఆరిళ్ళకూ కలిపి ఒకటే ఫోను లైను. నేను రిసీవరు ఎత్తితే చాలు, పక్కింటి పెలాగియా కూడా ఎత్తుతుంది. వాళ్ళ గోడ గడియారం కొట్టుకోవడం నాకు వినిపిస్తూనే ఉంటుంది. పోయినసారి నీతో నా మోకాలి నొప్పి సంగతి చెప్పుకుంటే, ఆదివారం చర్చిలో నలుగురు మందు చెప్పారు. అందుకే ఉత్తరం.

నువ్వు గరాజు అమ్మేసి వెళ్తూ మాకిచ్చిన ఆకుపచ్చ ట్రక్కు గురించి ఒక మాట అడగాలి. ఎండాకాలమంతా గ్యాలనుకు పద్నాలుగు మైళ్ళు ఇచ్చింది. జెనోన్ బంకు చీటీ తెచ్చి నా చేతిలో పెట్టి, మీటరు మీది అంకె నోటితో చెప్తాడు. నేను నోట్‌బుక్‌లో రాస్తాను. ఆయనకు అంకెలు వచ్చు, అక్షరాలే రావు కదా. బంకులో ఇప్పుడు లీటర్లంటున్నారు గాని, నేను గ్యాలన్లలోకి మార్చుకుంటాను. అక్టోబరులో పన్నెండుకు దిగింది. ఇప్పుడు పది. చలికి బండి ఇంత ఎక్కువ తాగుతుందా? ఊరికే తెలుసుకుందామని. మరేం లేదు.

కవరు అంటించకుండానే జెనోన్ చేతికిస్తున్నాను. ఆ గమ్ము రుచికి నాకు కడుపులో తిప్పుతుంది. పోస్టాఫీసులో ఆయనే అంటిస్తాడు. సరిగా అంటుకోకపోతే ఆయన్ని తిట్టు.

అక్క,
డార్కా

*

విక్టోరియా
5 డిసెంబరు 1981

అక్కకు,

నువ్వు 'ఊరికే' అంటూ ఏదీ ఊరికే అడగవని నాకు యాభై ఏళ్ళుగా తెలుసు. అయినా ముప్ఫై ఏళ్ళు బళ్ళు బాగుచేసినవాణ్ణి ఇలాంటి ప్రశ్న అడిగావు. ఇక నన్ను ఆపడం నీ వల్ల కాదు. కాఫీ కలుపుకుని కూర్చో.

చలికి ఇంజనులో ఆయిలు తేనెలా చిక్కబడుతుంది. ఇంజను ముందు తన ఆయిలుతోనే కుస్తీ పట్టాలి, తరవాతే చక్రాల సంగతి. వెనక ఇరుసులో ఉండే ఆయిలైతే ఇంకా మొండిది. పైగా చల్లటి ఇంజనులో పెట్రోలు సరిగ్గా ఆవిరి కాదు. అందుకని చోకు మూసుకుని, గాలి తగ్గించి, పెట్రోలు దండిగా పోస్తుంది. అందులో చాలా భాగం మండకుండానే పొగగొట్టంలోంచి పోతుంది. ఇంజను వేడెక్కితే ఈ బాధ తీరుతుంది. కాని మీ ఇంటి నుంచి ఊరు ఏడు మైళ్ళే. అది వేడెక్కేసరికి పోస్టాఫీసు వచ్చేస్తుంది, ఆపుతారు, మళ్ళీ చల్లారుతుంది.

ఇక టైర్లు. చలికి లోపలి గాలి కుంచించుకుపోయి మెత్తబడతాయి. రాత్రంతా నిలబడ్డ చోట అడుగు చదునుగా గడ్డకట్టి, మొదటి మైలు గుర్రపుబండి ఎక్కినట్టు ఉంటుంది. బయటి గాలి కూడా చలికి చిక్కబడుతుంది, దాన్ని చీల్చుకుని పోవాలి. దారిలో మంచు. హీటరు ఫ్యాను, దీపాలు పొద్దస్తమానం. చలికాలంలో అమ్మే పెట్రోలు కూడా వేరు. త్వరగా అంటుకుంటుంది గాని బలం తక్కువ. ఇవి చాలవన్నట్టు, జారకుండా ఉండాలని వెనక ఇసుక బస్తాలు వేస్తారు. నాలుగు చాలు. మీ ఆయన ఎనిమిది వేసి ఉంటాడు.

టైర్లలో గాలి పట్టించు. రేడియేటరు ముందు అట్టముక్క కట్టు. ఇంజను వెచ్చబరిచే హీటరు తీగను బయల్దేరే ముందు రెండు గంటలైనా ప్లగ్గులో పెట్టండి. ఇవన్నీ చేస్తే పదకొండు రావాలి. రాకపోతే రాయి.

ఇంకో మాట. నీ అక్షరాలు గుమ్మడికాయలంత అయ్యాయి. పేజీకి పది లైన్లు కూడా పట్టడం లేదు. కాగితాలు అంత చవకయ్యాయా అక్కడ?

తమ్ముడు,
ఒరెస్ట్

*

వెస్నా
22 డిసెంబరు 1981

ఒరెస్ట్,

పెన్ను కొత్తది, లావుగా పడుతోంది. అంతకు మించి ఏం లేదు.

నువ్వు చెప్పినవన్నీ చేశాం. ఇసుక బస్తాలు ఎనిమిది కాదు, తొమ్మిది. ఐదు దించేటప్పుడు జెనోన్ నిన్ను తిట్టిన తిట్లు రాయడానికి నా పెన్ను సరిపోదు. అట్ట కట్టాం. తీగ కూడా పెట్టాం. శుక్రవారం ఆయన ఆ తీగ ప్లగ్గులోంచి పీకకుండానే బయల్దేరాడు! నేను కిటికీలోంచి అరుస్తూనే ఉన్నాను. ట్రక్కు వెనకాల పాతిక అడుగుల తీగ తోకలా ఈడ్చుకుంటూ పెలాగియా వాళ్ళ ఇంటి ముందు నుంచి వెళ్ళాడు. ఇక లైను మీద వారం రోజులు అదే కథ.

అన్నీ చేసినా తొమ్మిది. ఈ వారం ఎనిమిదిన్నర. ట్యాంకు కారడం లేదు, వాకిట్లో మంచు మీద మచ్చ లేదు; నోట్‌బుక్ అంకెలన్నీ వేరే కాగితం మీద ఎక్కించి ఇందులో పెట్టాను.

నీకు చెప్పకుండా ఎవరికి చెప్తాను? ఊళ్ళోకి జెనోన్ వెళ్ళేది మంగళవారం, శుక్రవారం. టపా తెస్తాడు, సరుకులు తెస్తాడు, కోఆపరేటివ్ కొట్లో మగవాళ్ళంతా కూర్చునే బల్ల దగ్గర ఒక కాఫీ తాగుతాడు. పన్నెండింటికి ఇంట్లో ఉంటాడు. అక్టోబరు నుంచి రెండవుతోంది. అడిగితే, "కబుర్లలో పడ్డానే" అంటాడు. సరే అనుకున్నాను. మొన్న చర్చిలో పెలాగియా మొగుడు, "ఏంటమ్మా, మీ ఆయన ఈమధ్య కాఫీకి రావడమే మానేశాడు, ఒంట్లో బాగానే ఉందా?" అని అడిగాడు.

బాగానే ఉందన్నాను.

డార్కా

*

విక్టోరియా
3 జనవరి 1982

అక్కకు,

మీ నోట్‌బుక్‌లోని అంకెలు ఇంకో కాగితం మీద వేసి చూశాను. ఇలాంటివి నా దగ్గరికి చాలా వచ్చేవి. బండి ఎక్కువ తాగుతోందని తెస్తారు, నేను ఇంజను విప్పను, ముందు లెక్క విప్పుతాను.

ఎండాకాలంలో మీరు వారానికి తిరిగింది డెబ్భై మైళ్ళు. ఇప్పుడూ డెబ్భయ్యే. కాబట్టి ట్రక్కు కొత్త దారి ఏదీ తొక్కలేదు. పదకొండు చొప్పున డెబ్భై మైళ్ళకు ఆరున్నర గ్యాలన్లు చాలు. మీకు ఎనిమిదికి పైనే అవుతోంది. ట్యాంకు కారడం లేదని నువ్వే రాశావు, వాకిట్లో మంచు మీద మచ్చ లేదని. మరి దాదాపు రెండు గ్యాలన్లు ఎటు పోయినట్టు?

నడవకుండా నిలబడి తాగింది, అక్కా. ఆ ఇంజను ఆగి ఉన్నచోట ఊరికే తిరుగుతుంటే గంటకు అర గ్యాలను పైన తాగుతుంది. వారానికి మూడు గంటలు. మంగళవారం గంటన్నర, శుక్రవారం గంటన్నర అనుకో. మీ ఆయన ఆలస్యానికి దాదాపు సరిపోతుంది.

నడవని బండి పెట్రోలు తాగుతోందంటే లోపల ఎవరో కూర్చుని ఉన్నారని అర్థం. ఎక్కడ కూర్చున్నాడో, ఏం చేస్తున్నాడో ఇంజను చెప్పదు. అది నువ్వు అడగాలి.

ఒరెస్ట్

*

వెస్నా
19 జనవరి 1982

ఒరెస్ట్,

మన పాత క్యాలెండరు క్రిస్మస్ పండగ బాగానే జరిగింది. ఆరో తారీఖు సాయంత్రానికల్లా పన్నెండు వంటకాలూ బల్ల మీద పెట్టాను. గోధుమ పాయసంలో ఉప్పు పడింది, పంచదార అనుకున్నాను. జెనోన్ ఒక్క మాట అనకుండా గిన్నె ఖాళీ చేశాడు. నాకు అదే అనుమానంగా ఉంది చూడు. తప్పు చేసినవాడే కదా అంత నెమ్మదిగా ఉండేది.

నీ లెక్క చదివినప్పటి నుంచి నిద్ర సరిగా లేదు. మొన్న ట్రక్కులో సీటు కింద ఊడుస్తుంటే పిప్పరమెంటు కాగితాలు దొరికాయి. ఒకటో రెండో కాదు, గుప్పెడు. నీకు గుర్తుందిగా. పదకొండేళ్ళ కింద ఆయన తాగి వచ్చినప్పుడల్లా నోట్లో అదే పిప్పరమెంటు. ఆ వాసన వస్తే చాలు, ఏ సీసా ఎన్నో వంతు అయిందో చెప్పగలిగేదాన్ని. ఆ ఏడు మార్చిలో ట్రక్కు గుంటలోకి పోయి నా భుజం ఎముక విరిగాక, ఆసుపత్రిలో నా మంచం పక్కన మోకాళ్ళ మీద కూర్చుని మానేస్తానన్నాడు, మానేశాడు. నేను కూడా అప్పుడే చెప్పాను, ఇంకోసారి అంటూ ఉంటే నేను ఉండనని. అరవలేదు, ఏడవలేదు, మామూలుగా చెప్పాను. ఆయనా మామూలుగానే తల ఊపాడు.

నాకు భయంగా ఉంది ఒరెస్ట్. ఆయన తాగుతున్నాడని కాదు. నిజంగా తాగుతుంటే అన్న మాట నిలబెట్టుకోవాలే అని.

ఆయనతో పోట్లాడాలని లేదు. సాయంత్రం ఎప్పటిలాగే పేపరు చదివి వినిపిస్తున్నాను, ఎప్పటిలాగే బూట్లు పొయ్యి దగ్గర పెట్టుకుని వింటున్నాడు. ఆ మొహం చూస్తే అబద్ధమాడే మనిషిలా ఉండడు. అప్పుడూ ఉండేవాడు కాదు.

నువ్వు కొంచెం పెద్ద అక్షరాలతో రాయి. నీ రాత చీమలు పాకినట్టుంది.

డార్కా

*

విక్టోరియా
30 జనవరి 1982

అక్కకు,

ఇదుగో, పెద్ద అక్షరాలు.

పిప్పరమెంటు సంగతి చదివి చాలాసేపు బయట తిరిగి వచ్చాను. నీ భుజానికి కట్టు కట్టిన రోజు నేను చూశాను. నువ్వు క్షమించావు, అది నీ ఇష్టం. నేను క్షమించలేదు. ఆయనతో పదకొండేళ్ళుగా మాట్లాడిందంతా టైర్ల గురించి, ఆయిలు గురించి. నీకూ తెలుసు.

ఒక పని చెయ్యి. వచ్చే శుక్రవారం నువ్వూ ట్రక్కెక్కు. "నేనూ వస్తాను, పోస్టాఫీసులో పనుంది" అను. దాచేది లేకపోతే ఎక్కించుకుంటాడు.

ఇక్కడ నా ఇంట్లో వెనక గది ఖాళీగా ఉంది. కిటికీలోంచి సముద్రం కనిపిస్తుంది. పోయిన నెల దానికి నీలం రంగు వేశాను. ఎందుకు వేశానని అడగకు. మా ఆవిడ ఆన్నా పోయాక ఈ ఇంట్లో నా గొంతు నాకే కొత్తగా ఉంది. నువ్వు ఎప్పుడొచ్చినా బస్సు దగ్గరికి వస్తాను.

ఒరెస్ట్

*

వెస్నా
11 ఫిబ్రవరి 1982

ఒరెస్ట్,

అడిగాను. పోయిన శుక్రవారం కోటు వేసుకుని, గుడ్డ తలకు కట్టుకుని గుమ్మంలో నిలబడ్డాను. "నేనూ వస్తా" అన్నాను.

"ఈ చలిలో నువ్వెందుకే? ఏం కావాలో చెప్పు, నే తెస్తా" అన్నాడు.

"ఊరికే, ఊరు చూసి చాలా రోజులైంది" అన్నాను.

"చూడ్డానికేముంది అక్కడ? మంచే. ఆ మంచు ఇక్కడా ఉంది" అని చెవుల దాకా ఎర్రబడి, నా మొహం చూడకుండా వెళ్ళిపోయాడు. రెండుంపావుకు వచ్చాడు. దగ్గరికి వెళ్ళి కోటు అందుకున్నాను. పిప్పరమెంటు.

ఇక అడగను. సూట్‌కేసు సర్ది మంచం కింద పెట్టాను. ఎక్కువేం లేవు, అమ్మ కుట్టిన దుప్పటి, నాలుగు జతల బట్టలు, పెళ్ళి ఫోటో. ఫోటో ఎందుకు పెట్టానో నాకే తెలీదు. మార్చి ఒకటో తారీఖు బస్సుకు బయల్దేరతాను. ఆ రోజు పొద్దున్నే చెప్తాను, ముందు చెప్తే ఆయన మాట్లాడకుండా కూర్చుంటాడు, అది నేను చూడలేను.

నాకు కోపం లేదురా. ముప్ఫై మూడేళ్ళు ఒక మనిషికి చదివి పెట్టి, రాసి పెట్టి, చివరికి ఆ మనిషినే చదవలేకపోయాను. దానికే దుఃఖంగా ఉంది.

రేపు ఈ ఉత్తరం కూడా ఆయన చేతికే ఇవ్వాలి. ఇంకెవరున్నారు పోస్టు చెయ్యడానికి?

డార్కా

*

వెస్నా
12 ఫిబ్రవరి 1982

ఒరెస్ట్,

ఇది నేను రాస్తున్నాను. జెనోన్. ఎవరూ రాసి పెట్టడం లేదు. పక్కన నా చిన్నప్పటి బడి స్టెఫానియా టీచరమ్మ కూర్చుంది. తప్పు రాస్తే దగ్గుతుంది. అంతే.

ఇది నా మొదటి ఉత్తరం. నాకు యాభై ఎనిమిదేళ్ళు.

డార్కా ఉత్తరం చదివాను. కవరు తెరిచే ఇస్తుంది. నాకు చదవడం రాదని. తప్పు ఆమెది కాదు. గంట పట్టింది. సూట్‌కేసు అన్న మాట దగ్గర ఆగిపోయాను. ఆ మాట చదవడం రాక కాదు. వచ్చింది కాబట్టి.

దేవుడి పటాల వెనక ఉన్న నీ ఉత్తరాలు కూడా చదివాను. అది తప్పే. నీ రాత కోడి కెలికినట్టుంది. పెద్ద అక్షరాలతో రాసినది ఒకటే బాగా వచ్చింది. అందులో నువ్వు నన్ను క్షమించలేదని ఉంది. సరే.

నీ లెక్క సరి. వారానికి మూడు గంటలు. మంగళవారం గంటన్నర. శుక్రవారం గంటన్నర. ధాన్యం గోదాము వెనక. అక్కడ గాలి తగలదు. ఎవరూ చూడరు. టీచరమ్మ ముసలివాళ్ళ హాస్టల్లో ఉంటుంది. అక్కడ పాఠం చెప్పించుకుంటే సాయంత్రానికి పెలాగియాకి తెలుస్తుంది. ఇంజను ఆపితే పెన్ను గడ్డకడుతుంది. టీచరమ్మకి డెబ్భై నాలుగేళ్ళు. ఆమెని చలిలో కూర్చోబెట్టలేను. అందుకే ఆపలేదు.

పేజీ తప్పు లేకుండా చదివితే పిప్పరమెంటు ఇస్తుంది. చిన్నప్పుడు బళ్ళో కూడా అంతే. అప్పుడు నాకు మూడే దొరికాయి. తొమ్మిదో ఏట మా నాన్న వచ్చి కోతలకి తీసుకుపోయాడు. మళ్ళీ వెళ్ళలేదు.

తాగలేదు. పదకొండేళ్ళలో ఒక్క చుక్క లేదు. టీచరమ్మ సాక్షి.

ఇప్పుడు అసలు సంగతి. డార్కాకి కళ్ళు కనబడ్డం లేదు. నీకు చెప్పి ఉండదు. నాకూ చెప్పలేదు. ఎండాకాలంలో పేపరు కిటికీ దగ్గర పట్టుకునేది. తరవాత ముక్కు దగ్గర పట్టుకుంది. అక్టోబరు నుంచి చదవడం లేదు. చదివినట్టు చెప్తోంది. వార్తలు సొంతంగా అల్లుతోంది. బాగానే అల్లుతుంది. ఒకసారి గోధుమ ధర పోయిన వారందే మళ్ళీ చెప్పింది. అప్పుడు తెలిసింది.

ముప్ఫై మూడేళ్ళు ఆమె నాకు చదివింది. ఇక ఇంట్లో ఇంకొకరికి రావాలి కదా.

చెప్పొచ్చుగా అంటావు. పెళ్ళయిన వారానికి చర్చిలో పాటల పుస్తకం తలకిందులుగా పట్టుకున్నాను. ఆమె నవ్వింది. చెడ్డ నవ్వు కాదు. అయినా ఇంకోసారి వినలేను. బాగా వచ్చాక ఈస్టరుకి వినిపిద్దామనుకున్నాను. ఇప్పుడు అంత టైము లేదు. ఇవాళే చెప్తాను.

ఇది ఆమె కవరులోనే పెడుతున్నాను. గమ్ము గట్టిగా అంటించాను.

జెనోన్

*

వెస్నా
16 ఫిబ్రవరి 1982

ఒరెస్ట్,

నీకు ఆ కవరు ఈపాటికి అందే ఉంటుంది. అందులో ఏముందో ఆయన నాకు చెప్పాడు.

శుక్రవారం ఇంటికి వచ్చి బూట్లు విప్పి, చేతులు కడుక్కుని, దేవుడి పటాల దగ్గరికి వెళ్ళాడు. అగ్గిపెట్టె వెతుకుతున్నాడనుకున్నాను. నీ ఉత్తరం తీసుకొచ్చి బల్ల దగ్గర కూర్చున్నాడు. లైను కింద వేలు పెట్టాడు. "అ… క్క… కు" అన్నాడు. నా చేతిలో గరిటె అలాగే ఉండిపోయింది. మన పాత బళ్ళో పిల్లలు చదివినట్టు, ఒక్కో ముక్కా తూకం వేసినట్టు చదివాడు. "నడవని బండి పెట్రోలు తాగుతోందంటే లోపల ఎవరో కూర్చుని ఉన్నారని అర్థం." ఆ వాక్యానికి చెమట పట్టింది ఆయనకు.

కాగితం మడిచి, "కూర్చున్నది నేనేనే. ఏం చేస్తున్నానో ఇప్పుడు విన్నావుగా" అన్నాడు.

నాకు చచ్చేంత సిగ్గేసింది. ఆయనకు చదవడం రాదన్న ధీమాతో ఆయన ఇంట్లోనే, ఆయన కళ్ళ ముందే ఆయన మీద చాడీలు పరిచి పెట్టాను. ఆ చాడీలను ఆయన చేతికే ఇచ్చి పోస్టు చేయించాను. ఆయనకు అక్షరాలు వచ్చాక దొరికిన మొదటి చదువు అదీ!

"నువ్వు నవ్వలేదు" అన్నాడు. నవ్వలేదురా, ఏడ్చాను. అప్పుడు నా ఎదురుగా కూర్చుని, "మరి నీ కళ్ళ సంగతి నాకెప్పుడు చెప్తావు? గోధుమ ధర పోయిన అక్టోబరు నుంచి పెరగనే లేదు మనింట్లో" అన్నాడు. దానికి మాత్రం ఇద్దరం నవ్వాం.

నీకూ చెప్పలేదు. పెన్ను లావుగా పడుతోందన్నాను. నీ ఉత్తరాలు ఆయన లేనప్పుడు భూతద్దం పెట్టి కూడబలుక్కున్నాను. గుడ్డిదాన్నవుతున్నానంటే నువ్వు తీసుకుపోతావని, ఆయన ఒక్కడే ఉండిపోతాడని భయపడ్డాను. చివరికి నేనే సూట్‌కేసు సర్దాను చూడు.

ఆయన మంచం కింద నుంచి దాన్ని లాగి, బట్టలు మళ్ళీ బీరువాలో పెట్టాడు. ఫోటోను మాత్రం గోడకు తగిలించాడు. నిన్న డాక్టరుకు చూపించాం. కళ్ళలో పొర వచ్చిందట, సస్కటూన్‌లో ఆపరేషను చేస్తారట. ఏప్రిల్‌లో.

ఆ నీలం గది సంగతి ఆయనకు తెలిసిపోయింది. "పాపం, రంగు వేసుకుని కూర్చున్నాడు" అన్నాడు.

డార్కా

*

విక్టోరియా
3 మార్చి 1982

బావగారికి,

ఈ మాట రాసి చాలా కాలమైంది. పదకొండేళ్ళు నువ్వు నాకు 'మీ ఆయన'వి. ఇవాళ అక్క ఇక్కడ బస్సు దిగాల్సిన రోజు. బస్సుస్టాండుకు వెళ్ళాను. రాదని తెలిసే వెళ్ళాను. బస్సు వెళ్ళిపోయాక ఇంటికొచ్చి ఇది మొదలుపెట్టాను. పెద్ద అక్షరాలు నీ కోసమే.

ఒకటి ఒప్పుకోవాలి. చలికి పదకొండు రావాలని రాశాను గదా. నీ ట్రక్కులాంటిదాన్నే మైనస్ నలభైలో, అంతే చిన్న ప్రయాణాలకు నడిపి, ఎనిమిది చూసినవాణ్ణి నేను. చలి ఒక్కటే అంతా తాగేయగలదని నాకు తెలుసు. అది అక్కకు రాయలేదు. రాస్తే ఆవిడ మనసు కుదుటపడేది, ఇక్కడికి వచ్చేది కాదు. నా లెక్క సరిపోయింది గాని, నా బుద్ధి సరిగా లేదు. ఒంటరిగా ఉన్నవాడి బుద్ధి అనుకుని మన్నించు. నీ తాగుడును నేను ఇంతకాలం మన్నించలేదు, కాబట్టి నువ్వు కూడా తొందరపడక్కర్లేదు.

టీచరమ్మను మీ వంటింటికి తీసుకురా. తెలిసిపోయిందిగా, ఇంకా ఆ గోదాము వెనక దాక్కోవడం దేనికి? ఇంజను ఆపు. నా ట్రక్కు మీద జాలి చూపించు.

ఎండాకాలంలో ఇద్దరూ రండి. గది పెద్దదే.

నీ బావమరిది,
ఒరెస్ట్

*

వెస్నా
26 ఏప్రిల్ 1982

ఒరెస్ట్,

మీ అక్క చెప్తోంది, నేను రాస్తున్నాను. ఆవిడ ఒక కంటికి కట్టు ఉంది. రెండోదానికి సెప్టెంబరులో చేస్తారు. డాక్టరు మంచివాడు, చేతులు చల్లగా ఉంటాయి. ఇది ఆవిడ మాట. పొద్దున్న కట్టు మార్చేటప్పుడు కిటికీ అవతల కంచె కనబడిందట. ఎన్ని కర్రలో లెక్క పెట్టింది. పదిహేడు అంది. పంతొమ్మిది ఉన్నాయి. అది రాయద్దు అంటోంది. రాశాను.

ఈస్టరుకు టీచరమ్మ మా ఇంటికే భోజనానికి వచ్చింది. చర్చిలో నేను పుస్తకం సరిగ్గానే పట్టుకున్నాను. పాట సగంలో మీ అక్క నా చేతి మీద చెయ్యి వేసి పుస్తకం తడిమి చూసింది. "ఏం చూస్తున్నావే?" అన్నాను. "ఎటు ఉందో చూస్తున్నా" అంది. చర్చిలోనే నవ్వింది. వెనక వరసలో పెలాగియా దగ్గింది. ఈసారి నాకేం అనిపించలేదు. నేనూ నవ్వాను.

రోజూ పేపరు నేను చదువుతున్నాను. గోధుమ ధర నిజంగానే పెరగలేదు. మీ అక్కకు నా చదువు నచ్చడం లేదు. తన వార్తలే బాగుండేవట. అది నిజమే.

ఇక్కడ ఆవిడ ఒక మాట చెప్పింది. నా గురించి. రాయనన్నాను. రాయాల్సిందే అంటోంది. అక్షరాలు రావని చెప్పాను. అబద్ధం అంటోంది. అబద్ధమే. అయినా రాయను. నువ్వు వచ్చినప్పుడు ఆవిణ్ణే అడుగు. మేం జులైలో వస్తున్నాం గాని, ముందు నువ్వు రా.

మంచు కరిగింది. ఇసుక బస్తాలు దించాను. టీచరమ్మ మంగళవారం, శుక్రవారం వంటింట్లోనే పాఠం చెప్తుంది. ఇంజను ఆపేస్తున్నాను. పోయిన వారం గ్యాలనుకు పదమూడు. నోట్‌బుక్‌లో నేనే రాశాను.

కింద నా పేరు రాసి, సంతకం తనే చేస్తానంటే పెన్ను ఇచ్చాను. చోటు కనబడక సరిగ్గా నా పేరు మీదే చేసింది. రెండు పేర్లూ ఒకదాని మీద ఒకటి పడ్డాయి. నీకు చదవడం కష్టమవుతుంది. ఇంకో కాగితం తీసి మళ్ళీ రాయనా అని అడిగింది. అక్కర్లేదన్నాను. నాకు చదవడం వచ్చింది.